మూడో తరగతి గడప

మా పిల్లకు లెక్కలు నేర్పింది నేను కాదు, టేపు. ఈ మాట బడిలో చెప్తే నవ్వారు, ఆఫీసులో చెప్తే నవ్వారు, ఇంట్లో మా ఆయన కూడా నవ్వాడు. నవ్వితే నవ్వారు గానీ, ఉన్న సంగతి అదే.

నేను టైలర్ని. తెలుగు సరిహద్దు అవతల, హిందీ రాష్ట్రంలో, మద్దేడ్ దాటాక హైవే పక్కన మా ఊరు. అక్కడ ఒక్క గది దుకాణం నాది. గుమ్మం దగ్గర మెషీను, లోపల కటింగ్ బల్ల, గోడ వెంబడి ఒక పొడుగాటి బెంచీ. అంగన్‌వాడీ నుంచి రాగానే పిల్ల బల్ల కింద చేరేది. నా పాత టేపు మెడలో వేసుకుని, రాలిన గుడ్డపీలికలు ఏరుకుంటూ, తనే అసలు టైలరమ్మ అయినట్టు కూర్చునేది.

జాకెట్లు కుట్టేవాళ్లకు తెలుసు, మా లెక్కంతా సగాలూ పావులే. ఛాతీ ముప్పై నాలుగైతే గుడ్డ నాలుగు మడతలు వేసి ఎనిమిదిన్నర దగ్గర సుద్దగీత గీస్తాం. పని చేసుకుంటూ పైకి గొణుక్కోవడం నాకు అలవాటు. ఒకరోజు "చేతి చుట్టు పదకొండున్నర, సగమెంత..." అని అనుకుంటూ ఉండగా బల్ల కింది నుంచి "పావు తక్కువ ఆరు" అని వినబడింది. బెంచీ మీద ఎవరో అన్నారనుకున్నాను. బెంచీ మీద ఎవరూ లేరు. వంగి చూస్తే ఇది, నోట్లో దారప్పోగు నములుతూ. అప్పటికి ఇంకా బడి మొహం చూడలేదు.

చదువు కూడా అలాగే వచ్చింది. దారాల డబ్బాల మీది హిందీ, భద్రాచలం నుంచి వచ్చే లైనింగ్ బట్టల సంచుల మీది తెలుగు. "ఇదేంది, ఇదేంది" అని నా ప్రాణం తీసి తీసి అన్నీ పట్టేసింది. ఇక మాటలంటారా, అవి బెంచీ మీద నేర్చింది. మా ఇంట్లో తెలుగు. జాకెట్లకు వచ్చే ఆడవాళ్లలో సగం మంది దోర్లా మాట్లాడతారు, కొందరు గోండీ. ఆఫీసుల్లో పనిచేసే మేడమ్‌లు హిందీ. ఎవరు వస్తే వాళ్ల పక్కన చేరి వాళ్ల మాటే మాట్లాడేది. మా దగ్గర పిల్లలందరూ రెండు మూడు మాటలు కలిపే మాట్లాడతారు కాబట్టి అదొక వింతగా నాకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

జూన్‌లో ఒకటో తరగతిలో వేశాం. బడి అంటే రెండు గదులు. ఒక గదిలో ఒకటీ రెండూ తరగతులు, ఇంకో గదిలో మూడూ నాలుగూ అయిదూ. మధ్యలో తలుపు లేని గుమ్మం. ఈ గదికి ఆ ఏడే కొత్తగా వచ్చిన మేడమ్, రాయ్‌పూర్ వైపు అమ్మాయి. ఆ గదికి పెద్ద గురూజీ, తోంగ్‌పాల్ వైపు మనిషి. ఆయనకు హల్బీ, హిందీ వచ్చు. మేడమ్‌కు హిందీ ఒక్కటే.

వర్షాలు పడ్డాయి, మొక్కజొన్న మోకాలెత్తు పెరిగింది, మా పిల్ల పలక మీద మాత్రం ఒకటి నుంచి ఇరవై దాటలేదు. "అమ్మా, ఇరవై తర్వాత ఎప్పుడు చెప్తరు?" అని అడిగింది. చెప్తారులే అన్నాను. ఈలోపు ఇంకో బాధ మొదలైంది. రోజూ బడి నుంచి స్కర్టు అంచు ఊడిపోయి వచ్చేది. నేను రాత్రి కుట్టడం, అది పగలు విప్పడం. డబుల్ కుట్టు వేశాను, అదీ విప్పింది. టైలరమ్మ కూతురు అంచు వేలాడేసుకుని హైవే వెంట నడిచి వస్తుంటే ఊళ్లో నా పరువేం కావాలి?

"ఎందుకే విప్పుతున్నవ్? దయ్యం పట్టిందా?" అని కసిరాను.

"ఊకె కూసుంటే చేతులు ఊకుంటలేవు" అంది.

ఆ మాటతో మర్నాడే దుకాణం మూసి బడికి వెళ్లాను. గురూజీ మంచివాడే, ముందే చెప్తున్నాను. కుర్చీ వేయించాడు. నా హిందీ లైనింగ్ బట్ట బేరమాడటానికి సరిపోయే హిందీ. దాంతోనే ఎలాగో చెప్పుకున్నాను. పిల్లకు మూడో తరగతి పుస్తకం వచ్చు, ఆ గదిలో కూర్చోనివ్వండి అని. ఆయన పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. నిలబడి గడగడా చదివేసింది. "వాహ్!" అని తల నిమిరాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"బచ్చీ చాలా హోషియార్" అన్నాడు. "కానీ దీదీ, నియమ్ లేదు. వయసును బట్టే తరగతి. పోర్టల్‌లో ఎక్కదు."

"పోర్టల్‌లో ఒకటోదే ఉండనివ్వండి గురూజీ. కూర్చోవడం మాత్రం అక్కడ కూర్చుంటుంది. గడప దాటడమే కదా."

"ఊరికే కూర్చోవడానికి కూడా పైనుంచి ఆదేశ్ కావాలి దీదీ."

గడప వైపు చూశాను. మా పిల్ల కాళ్లకు రెండడుగులు. దానికి ఆదేశ్! పొద్దున్నే ఒక మేక నియమ్ అడక్కుండా ఆ గడప దాటి మూడో తరగతిలోకి పోయి, అటు నుంచి తిరిగి వచ్చింది. నేను కళ్లారా చూశాను. అయినా పెద్దమనిషి కదా అని నోరు కట్టేసుకుని వచ్చాను.

ఆ రోజుల్లోనే దుకాణంలో ఒకటి జరిగింది. దోర్లా మాట్లాడే ఒకామె కొలతలిస్తోంది. నేను గొణుక్కుంటున్నాను, "చేతి చుట్టు పదిన్నర, సగమెంత" అని. బల్ల కింది నుంచి జవాబు రాలేదు. పిల్ల బయటికి వచ్చి, ఆమె వైపు తిరిగి, నేనన్న మాటనే దోర్లాలో ఆమెను అడిగింది. అడిగి బుద్ధిగా చేతులు కట్టుకుని జవాబు కోసం నిలబడింది. పాపం ఆమె తెల్లబోయింది. "పెద్దోళ్లతోని ఏంది నీ పరాచికాలు?" అని ఒకటి పీకాను. పిల్ల ఏడవలేదు. అసలు దెబ్బ ఎందుకు పడిందో తెలియనట్టు నా మొహంలోకి చూసింది. నాకు చిర్రెత్తుకొచ్చి కటింగ్ పనిలో తలదూర్చాను.

ఇక ఆదేశ్ కోసం తిరుగుడు మొదలైంది. బడుల మీది బ్లాక్ ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా బాబు, ఇది బడి సంగతి, గురూజీనే చూసుకోవాలి అన్నాడు. గురూజీ దగ్గరికి వస్తే, ఆ మాట కాగితం మీద రాసిమ్మను అన్నాడు. బాబు దగ్గరికి వెళ్తే, గురూజీ ముందు రాస్తే కదా మేం రాసేది అన్నాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడేవాళ్లు, అదే నా ప్రాణానికి వచ్చింది. గట్టిగా పో అన్నా తిరిగి నాలుగు అనొచ్చు. "బైఠియే దీదీ, పానీ పీజియే" అనేవాళ్లను ఏమంటాం? నీళ్లు తాగి తాగి కడుపు నిండింది తప్ప పని కాలేదు. కుట్టాల్సిన జాకెట్లు దుకాణంలో గుట్టపడ్డాయి. పెళ్లివాళ్లు వచ్చి తిట్టిపోయారు.

మా ఆయన పికప్ బండి నడుపుతాడు. ప్రపంచంలో దేనికీ తొందరపడని మనిషి. "ఏంది నీ లొల్లి?" అనేవాడు. "ఒకటోది అయితే రెండోది, రెండోది అయితే మూడోది. అదే వస్తది. పిల్లను కూసోనీ."

"నువ్వు బండిని రోజంతా ఫస్టు గేర్ల నడుపుతవా?" అన్నాను.

ఆ మాట పనిచేసినట్టుంది, ఒకరోజు బండి ఆపుకుని తనే మమ్మల్ని మోటార్ సైకిల్ మీద బ్లాక్ ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆ రోజు పెద్ద సాహెబ్ ఉంటాడని, పిల్లను చూస్తానన్నాడని బాబు కబురు పెట్టాడు. స్కర్టు అంచు మూడు వరసలు బిగించి కుట్టాను. తలకు నూనె రాసి రెండు జడలు వేశాను. దారి పొడుగునా, "ఏది అడిగినా గట్టిగ చెప్పు" అని నూరిపోశాను. తలూపింది.

సాహెబ్ గదిలో బెంచీ మీద అప్పటికే ఒక ముసలాయన ఉన్నాడు, తన పనేదో మీద వచ్చి కూర్చున్న గోండీ మనిషి. పిల్లను ఆయన పక్కన కూర్చోబెట్టారు. సాహెబ్ కళ్లద్దాలు సర్దుకుని, ముద్దుగా, చంటిదాన్ని అడిగినట్టు హిందీలో అడిగాడు. "బేటా, ఒక ఆవుకు నాలుగు కాళ్లు. మూడు ఆవులకు ఎన్ని?"

ఇదేం ప్రశ్నరా నాయనా అనుకున్నాను. ఇట్టే చెప్పేస్తుంది, అరగంటలో పని అయిపోతుంది, సాయంత్రానికి రెండు జాకెట్లు కుట్టుకోవచ్చు అని కూడా అనుకున్నాను. పిల్ల లేచింది. ముసలాయన వైపు తిరిగింది. ఆవుల సంగతి మొత్తం గోండీలో ఆయనకు చెప్పి, చేతులు కట్టుకుని నిలబడింది.

ముసలాయన వేళ్లు లెక్కపెట్టుకుని ఏదో అన్నాడు. పిల్ల సాహెబ్ వైపు తిరిగి, "పన్నెండు అంటున్నాడు" అని హిందీలో చెప్పి కూర్చుంది.

గదిలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. సాహెబ్ కూడా నవ్వి, పిల్ల చేతిలో ఒక టాఫీ పెట్టాడు. "దీదీ, పిల్ల బాగుంది. కానీ ఇంకా చిన్నది. పక్కవాళ్లను అడిగి చెప్తోంది చూడండి. ఒకటో తరగతిలోనే హాయిగా ఉండనివ్వండి" అన్నాడు. ముసలాయన మాత్రం తను చెప్పింది రైటో తప్పో తెలియక అందరి మొహాలూ చూస్తున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. బండి మీద వెనక్కి వస్తూ దారంతా సాధించాను. "నీకు తెల్వదా? మూడు నాలుగులు నీకు తెల్వదా? ఎందుకే ఆయన్ని అడిగినవ్?" పిల్ల వాళ్ల నాన్న వీపుకు మొహం ఆనించి కూర్చుంది. టాఫీ కూడా తినలేదు. నాకు కోపం లోపల భయం కూడా పట్టుకుంది. బల్ల కింద కూర్చుని పావు తక్కువ ఆరు అన్న పిల్ల ఎటు పోయింది? ఉన్న తెలివి మరుగున పడిపోతోందా? మళ్లీ రాకుండా పోతుందా?

నాలుగు రోజులు పోయాక బడి పిల్లల యూనిఫారాలు కొన్ని మార్చి కుట్టివ్వాల్సినవి ఉంటే, ఆ మూట పట్టుకుని బడికి వెళ్లాను. పాఠం జరుగుతున్న వేళ. లోపలికి పోకుండా కిటికీ దగ్గర ఆగాను. పిల్ల ఏం చేస్తుందో చూద్దామని.

మేడమ్ బోర్డు మీద మామిడిపళ్లు గీసింది. "బుట్టలో ఐదు మామిడిపళ్లు. రెండు తినేశాం. ఎన్ని మిగిలాయి?" అని హిందీలో అడిగింది. అడిగి, పిల్లలందరి వైపూ చూడలేదు. మా పిల్ల ఒక్కదాని వైపు చూసింది.

మా పిల్ల లేచింది. ఎడమ వరస వైపు తిరిగి దోర్లాలో అడిగింది. మధ్య వరసకు గోండీలో అడిగింది. వెనక మా వాడకట్టు పిల్లలకు తెలుగులో అడిగింది. అడిగి చేతులు కట్టుకుని నిలబడింది. అచ్చం దుకాణంలో నిలబడ్డట్టు, సాహెబ్ గదిలో నిలబడ్డట్టు. ఎడమ వరసలో ఒకడు ఏదో అన్నాడు. ఇది మేడమ్ వైపు తిరిగి, "రెండు అంటున్నాడు" అంది. మేడమ్ తప్పు అంది. ఆ తప్పును ఇది తీసుకుపోయి వాడికి దోర్లాలో చెప్పింది. ఒక చంటిది ఏడుపు మొదలుపెడితే దాని దగ్గరికి వెళ్లి, అడిగి, వచ్చి, "దీనికి ఒంటికి వస్తోందట" అని మేడమ్‌కు చెప్పింది. మళ్లీ పాఠం. ఒక్కసారి దాని పెదాలు కదిలాయి, మూడు అనబోయింది. మేడమ్ పెదాల మీద వేలు పెట్టుకుని, ఎంతో ప్రేమగా, "నువ్వు కాదు బేటా, వాళ్లను చెప్పనీ" అంది. మా పిల్ల నోరు మూసుకుంది. దాని చేయి స్కర్టు అంచు మీదికి పోయింది.

మూట నా చేతిలోంచి జారింది. ఆదేశ్ ఎందుకు రాలేదో నాకప్పుడు తెలిసింది. ఆవు కాళ్ల లెక్క ఎందుకు ముసలాయన దగ్గరికి పోయిందో కూడా తెలిసింది. జూన్ నుంచి నా బిడ్డకు బడి నేర్పిన పాఠం ఒక్కటే. ఎవరేది అడిగినా జవాబు నీది కాదు, పక్కవాళ్లకు అందించు, అంతే.

వరండాలో నిలబడి కేక వేశాను. అటు గదిలోంచి గురూజీ, ఇటు గదిలోంచి మేడమ్ వచ్చారు. పిల్లలందరూ గుమ్మంలో మూగారు. హిందీలోనే మొదలుపెట్టాను గానీ, నాకు కోపం హిందీలో రాదు.

"ఏంది గురూజీ ఇది? నా బిడ్డ మీ నౌకరా? నియమ్ లేదు, పోర్టల్ లేదని నన్ను కుక్క లెక్క తిప్పిండ్రు గదా! మీకు సిగ్గుండాలె!"

గురూజీకి ముక్క అర్థం కాలేదు. ఆయన కళ్లు వాటంతటవే మా పిల్ల వైపు పోయాయి. అది వెంటనే ముందుకు వచ్చి నిలబడింది. "గురూజీ, అమ్మ అంటోంది, నా బిడ్డ మీ నౌకరా అని. నియమ్ లేదని కుక్కలాగా తిప్పారట. మీకు సిగ్గుండాలట" అని హిందీలో, ఎక్కడా ఒక్క మాట పోనీకుండా ఒప్పజెప్పింది.

"నువ్వు నోరు ముయ్యే!" అని అరిచాను.

"నోరు ముయ్యమని కూడా అంటోంది" అని గురూజీతో చెప్పింది.

మేడమ్‌కు ఫక్కున నవ్వు వచ్చింది, ఆ నవ్వు నవ్వుతుండగానే ఏడుపైపోయింది. "దీదీ, వచ్చిన మొదటి రోజు ఒక పిల్లవాడు కడుపు పట్టుకుని పొర్లాడుతూ ఏడ్చాడు. వాడు ఏం అంటున్నాడో నాకు తెలియలేదు. మీ పాప వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి దాన్ని వదల్లేకపోయాను. ఇది లేకపోతే వీళ్లందరి మధ్యా నేను మూగదాన్ని" అంది. ఎంత వయసు ఆ అమ్మాయికి, ఊరు కాని ఊరు. జాలేసింది. ఆ జాలి వేసినందుకు ఇంకా మంటెత్తింది.

గురూజీ నేల చూపులు చూస్తూ, "నియమ్ నిజమే దీదీ, పోర్టల్ నిజమే" అన్నాడు. గడప వైపు చూసి, "ఊరికే కూర్చోబెట్టడానికి అయితే ఎవరూ అడగరు. కానీ ఇది అటు వస్తే ఇటు ఒకటో తరగతి నడవదు. ఇరవైమంది పిల్లలు, నేనేం చేసేది?" అన్నాడు.

ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎన్ని గ్లాసుల నీళ్లు తప్పేవి! కానీ అప్పటికి నా ధ్యాస ఆయన మీద లేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, దాని భుజాలు పట్టుకున్నాను. "బిడ్డా, నువ్వు చెప్పు. నీకేం గావాలె?"

నా మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. దోర్లాలో అడిగింది, గోండీలో అడిగింది, తెలుగులో అడిగింది, మీకేం కావాలని. గుమ్మంలో పిల్లలు ఒక్కసారిగా అరిచారు. చేతులు కట్టుకుని అంతా విని, నా వైపు తిరిగి, "గుడ్డు గావాలంట అమ్మా. కొందరేమో ఇంటికి పోతరంట" అంది.

"వాళ్లకు కాదే తల్లీ. నీకు."

దానికి అర్థమైంది. అర్థమై, మేడమ్ వైపు చూసింది, గురూజీ వైపు చూసింది. ఇంక ఎవరిని అడగాలా అని వెతుక్కుంది. అడగడానికి ఎవరూ మిగల్లేదు. నాలుగు భాషలు మాట్లాడే పిల్ల, నీకేం కావాలంటే చెప్పలేక నా ముందు అలాగే నోరు తెరిచి నిలబడింది.

నేను ఏడ్చాను. గురూజీ ఒకటో తరగతి గదిలోకి వెళ్లి పిల్ల సంచీ తనే తీసుకుని, గడప దాటి, మూడో తరగతి చాప మీద ముందు వరసలో పెట్టాడు. ఆదేశ్ ఏదీ రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అంతటితో సుఖంగా అయిపోయిందనుకుంటే పొరపాటు. గంటకోసారి మేడమ్ గడప దగ్గరికి వచ్చి, "బేటా, ఏక్ మినట్" అనేది. ఇది లేచి పోయేది. సాయంత్రం ఇంటికి వచ్చి ఎన్నిసార్లు పిలిచిందో గొప్పగా చెప్పేది. "మేడమ్‌కు మాటలు రావమ్మా, నేను చెప్పకపోతె ఎట్ల?" అనేది పైగా. మళ్లీ బడికి పోయాను. ఈసారి అరవలేదు, ఓపిక లేదు. "మేడమ్, మాటలు కావాలంటే నా దుకాణానికి రండి. సాయంత్రం బెంచీ మీద అన్ని మాటలూ కూర్చుని ఉంటాయి. నా పిల్లను వదలండి" అన్నాను.

వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. నాకు ఇంకో పని, మేడమ్‌కు చాయ్ పెట్టడం. దోర్లా ఆడవాళ్లు మొదట ముడుచుకుని కూర్చునేవాళ్లు, తరవాత ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఒకామె నవ్వులాటకు ఏదో తప్పుడు మాట నేర్పితే మర్నాడు ఒకటో తరగతి అంతా పగలబడి నవ్విందట. మేడమ్ కొన్ని రోజులు అలిగి రాలేదు. మళ్లీ వచ్చింది. ఆకలి, నొప్పి, ఎన్ని, ఎవరు, ఒంటికి. ముందు అవి నేర్చుకుంది. గడప దగ్గర పిలుపులు తగ్గాయి.

స్కర్టు అంచు ఊడటం ఆగింది. పిల్ల మూడో తరగతి పుస్తకం ఇంటికి తెచ్చుకుని చదివేది, రాసేది. కానీ అడిగితే మాత్రం చెప్పేది కాదు. గురూజీ లెక్క అడిగితే పక్క పిల్లవైపు తిరిగేదట. ఇంట్లో అన్నం తింటావా అంటే వాళ్ల నాన్నను, "నాయినా, తింటవా?" అని అడిగేది. ఆయన తింటానంటే, "తింటడంట" అని నాకు చెప్పేది. గురూజీ ఒకరోజు దారిలో కనబడి, రాస్తుంది గానీ నోరు విప్పదు దీదీ, తొందరపడ్డామేమో అన్నాడు. తొందరట! రోడ్డు మీదని చూడకుండా ఏదో అనేసేదాన్ని, లారీ వచ్చి ఇద్దరి మధ్యా దుమ్ము లేపింది.

దసరా ముందు పని ఒత్తిడి రోజుల్లో ఒక సాయంత్రం. బెంచీ మీద మేడమ్, పక్కన ఒక దోర్లా ఆమె. ఆమె కొలతలు తీసి గుడ్డ మడత వేశాను. పిల్ల బల్ల కింద పీలికలతో ఆడుకుంటోంది. అడగాలని అడగలేదు, అలవాటుకొద్దీ గొణుక్కున్నాను. "చేతి చుట్టు పదకొండుంపావు, సగమెంత..."

బల్ల కింది నుంచి బయటికి వచ్చింది. దోర్లా ఆమె వైపు చూసింది. అయిపోయింది, ఇక అడుగుతుంది అనుకున్నాను. చేతులు కట్టుకోబోయింది కూడా. మెడలో టేపు చేతికి తగిలింది. తీసి, పదకొండుంపావు దగ్గర పట్టుకుని, మొదటి కొస దాని మీద పెట్టి రెండుగా మడిచింది. మడత ఐదున్నర దాటి పడింది, ముప్పావు దాకా పోలేదు. సగం కాదు, పావు కాదు. దానికి తెలిసిన పేరేదీ ఆ చోటుకు లేదు. నుదురు ముడుచుకుంది. ఇంతవరకూ లెక్క దగ్గర దాని నుదురు ముడుచుకోవడం నేను చూడలేదు.

మేడమ్ మనసు మంచిది, ఊరుకోలేదు. "సాఢే పాంచ్ సే..." అని, ఐదున్నర మీద ఎంతో అందించబోయింది.

పిల్ల చేయి అడ్డంగా పెట్టింది. "చెప్పకుండ్రి మేడమ్! నేనే చెప్త."

తెలుగులోనే అంది. మేడమ్‌కు ఎవరూ హిందీలో తిప్పి చెప్పలేదు. ఆమె నోరు మూసుకుంది.

దోర్లా ఆమెకు ఇంటికి పోయే బండి వేళ అయినట్టుంది, ఆలస్యమేమిటని తన మాటలో అడిగింది. పిల్ల తలెత్తలేదు, ఆ మాటను ఎవరికీ చేరవేయలేదు. టేపు మడత మీద గోరు పెట్టి, పెదాలు కదుపుతూ గీతలు చూసుకుంటోంది. నేను కత్తెర బల్ల మీద పెట్టి, అది చెప్పేదాకా ఆగాను.